అరిగిన వైపు

కుతైసీలో తెల్ల వంతెన దిగగానే
మెట్ల కింద ఒక అర గది.
అందులో జుంబెర్, అతని మైనం పూసిన దారాలు,
పెదాల మధ్య పట్టుకున్న సన్న మేకులు.
అందుకే అతని మాటలు సగమే బయటికొస్తాయి.

మూడేళ్లుగా నేనొక నవల రాస్తున్నాను.
అందులో ఎలిజ్‌బార్ అని ఒకడు
రైలు స్టేషన్లో సామాను తూచే గుమాస్తా.
వాడికి యాభై ఏళ్ల వయసిచ్చాను, పొడి దగ్గిచ్చాను,
కనుబొమ మీద గాటు పెట్టాను,
చాలక, చచ్చిపోయిన తమ్ముణ్ణి కూడా ఇచ్చాను.
అన్నీ పుచ్చుకుని
కుర్చీలో అలాగే కూర్చున్నాడు,
పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాడిలా.

ఆదివారం సంతలో వాడికి బూట్లు కొన్నాను.
ఎవరి కాలూ సోకని పాత సరుకు,
నల్లవి, నా పాదానికి వేలెడు పొడుగు.
రెండు జతల ఊలు మేజోళ్లు తొడిగి
చలికాలమంతా వాటిలోనే తిరిగాను
రొట్టెల కొట్టుకి, రియోనీ ఒడ్డుకి,
లిఫ్టు లేని మా అక్క ఇంటి ఐదో అంతస్తుకి.
వాడెలా నడుస్తాడో తెలుస్తుందని.
పక్కింటివాళ్లు నవ్వారు. నవ్వనీ.

మార్చిలో మడమ ఊడింది.

జుంబెర్ బూటు తిరగేశాడు.
మేకులు అరచేతిలోకి ఉమ్మి
"ఎవరివి?" అన్నాడు.
"ఎలిజ్‌బార్ అని, తూకాల గుమాస్తా.
భారీ మనిషి. కుడికాలు కాస్త ఈడుస్తాడు."
అతను మడమంతా బొటనవేలితో తడిమాడు,
చీకట్లో నాణెం విలువ చూసుకుంటున్నట్టు.
"ఆయనెవరో నాకు తెలీదు గానీ
ఇది నీ నడక, ఎతెరీ.
ఇరవయ్యేళ్లుగా నీ చెప్పులు కుడుతున్నాను.
ఎప్పుడూ ఎడమ బయటి అంచు మీదే మోపుతావు,
ఎవరో వెనకనుంచి పిలిచారేమో అన్నట్టు."

ఇంటికొచ్చి నా పాత పుస్తకాలు దించాను.
రొట్టెలు కాల్చే మఖ్వాలా,
లంచాలు మింగే సర్వేయరు,
పదహారేళ్ల ఆ కుర్రాడు,
ఆఖరికి కొండమీది మఠంలో ముసలి సన్యాసి కూడా
అందరూ ఎడమ అంచు మీదే.
అందరూ పేజీ చివర ఒక్క క్షణం ఆగి
వెనక్కి తిరగబోతూ.
పేర్లు మార్చానంతే. మీసాలు అతికించాను.
ఒక్క జత కాళ్లతో ఊరు ఊరంతా నడిపించాను.
అరికాలి నుంచి నెత్తి దాకా సిగ్గేసింది.

బూట్లు తెచ్చుకోబోయిన రోజు
పై అరలో, దుమ్ములో, ఇంకో జత.
ఇటుక రంగు, ఆడవాళ్లవి, లేసులు లేవు.
"పదకొండేళ్లయింది" అన్నాడు జుంబెర్.
"ఒక దానికే కొత్త సోలు వెయ్యమంది.
రెండోదీ చిల్లే. ఊరికే వేసిస్తానన్నా.
వద్దంది. దాన్ని ముట్టుకోవద్దని కేకలేసింది.
డబ్బు ముందే ఇచ్చింది. మళ్లీ రాలేదు."
"ఒకటే ఎందుకు?"
"నన్నడిగితే?" అని
మేకులు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి ఎలిజ్‌బార్‌ని కుర్చీలోంచి లేపాను.
దగ్గు వెనక్కి తీసుకున్నాను, తమ్ముణ్ణి బతికించాను,
ఇద్దరినీ ఇంటికి పంపేశాను.
వాడి బూట్లు మాత్రం నా దగ్గరే ఉన్నాయి.
వానలో బాగా పనికొస్తున్నాయి.

ఆమెకి పేరు పెట్టలేదు.
ఏ ఊరని అడగలేదు.
రెండోది ముట్టుకోకు, అంది
అని ఒక్క వాక్యం రాసి కూర్చున్నాను,
ఎందుకందో నాకే తెలియకుండా.
తెల్లవారుజామున ఆమె లేచి మెట్లెక్కింది.
ఒక అడుగు టక్కుమంది, ఒకటి తడిగా ఈడ్చింది.
నేను నాలుగు వాక్యాలు వెనకపడ్డాను.
ఆమె ఎక్కడా వెనక్కి చూడలేదు.
వంతెన మధ్యలో ఆగి
చేపలు పట్టేవాణ్ణి అగ్గిపెట్టె అడిగింది.

ఆమె పొగ తాగుతుందని
నాకెవరూ చెప్పలేదు.